రెండో భాగంలో మనుషులు

బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వరస ముందు నిలబడ్డప్పుడల్లా నన్నొక అనుమానం పీడిస్తుంటుంది. ఈ మొదటి భాగాలన్నీ ఎక్కడికి పోతాయి? రెండో భాగాలకి మాత్రం ఎన్నడూ కరువు లేదు. అట్ట చిరిగిన నవలల దొంతరలో చెయ్యి పెట్టామంటే ద్వితీయ భాగమే తగులుతుంది. అడిగితే కొట్టతను "మొదటిది లేదండి, రెండోదైతే రెండు కాపీలున్నాయి, ఇమ్మంటారా?" అంటాడు, అదేదో కలిసొచ్చే బేరమన్నట్టు. నాకు తోచిన సమాధానం ఒకటుంది. చదివి ఇస్తానని పట్టుకెళ్ళినవాడు మొదటి భాగమే పట్టుకెళ్తాడు. తిరిగివ్వడు. ఇంట్లో మిగిలిపోయిన రెండోది బీరువాలో ఏళ్ళ తరబడి కూర్చుని, ఇల్లు మారేటప్పుడో, ఆ ఇంటి పెద్దాయన కాలం చేశాకో తూకానికి వస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ మొదటిది పట్టుకెళ్ళినవాడి ఇంటి నుంచీ ఎప్పుడో ఒకప్పుడు తూకానికి రావాలి కదా? అదెందుకు రాదు? పుస్తకాలు ఎరువు తీసుకునేవాళ్ళు ఇళ్ళు మారరా, చచ్చిపోరా? ఈ లెక్క నాకిప్పటికీ తేలలేదు.

తేలకపోయినా దానివల్ల నాకొక మేలు జరిగింది. కాలేజీ రోజుల్లో ఆ వరసలోనే ఐజాక్ అసిమోవ్ రాసిన 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్' దొరికింది. అది పెద్ద వరసలో రెండో పుస్తకమని అప్పుడు తెలియదు. చివర్లో అర్థమైంది, ముందు ఒకటుందనీ, వెనక ఇంకోటుందనీ. అసలు మొదటి పేజీలోనే అనుమానం రావాల్సింది. ఎవరో సెల్డన్ అట, ఆయన పోయి రెండు వందల ఏళ్ళయిందట, అందరూ ఆయన్ని తలుచుకుని ధైర్యంగా ఉంటారట. ఎందుకు తలుచుకుంటున్నారో, ఆ ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు. అయినా నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. ఎందుకు అనిపించలేదా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

మనం నడిమధ్యలో దిగి చదవడానికి అలవాటుపడ్డ జాతి అనుకుంటాను. ఆంధ్రజ్యోతి వారపత్రిక బెజవాడలోనే అచ్చయ్యే కాలంలో, మా ఊరి గ్రంథాలయానికి అది వచ్చే రోజున, ముందు వారం చదివారా లేదా అని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. ఎవరి చేతికి ఏ వారం సంచిక చిక్కితే ఆ వారం నుంచే నవల మొదలు. పైన చిన్న అక్షరాల్లో 'జరిగిన కథ' అని ఒక పేరా ఉండేది. పదిహేను వారాల ఏడుపులూ, పెళ్ళిళ్ళూ, కారు ప్రమాదాలూ అందులో నాలుగు వాక్యాలకి దిగిపోయేవి. తెలుగు వచనంలో అంత పొదుపైన రచన మరొకటి లేదని నా అభిప్రాయం. దాన్ని రాసింది రచయితో, సబెడిటరో ఎవరికీ తెలియదు. దానికో అవార్డూ లేదు. అయినా ఒక తరం పాఠకులు దాని భుజమ్మీద చెయ్యేసే కథలోకి నడిచారు. ఇక మధుబాబు గారి షాడో నవలల సంగతి వేరు. అక్కడ ఏది ముందు చదివినా ఫరవాలేదు. షాడోకి వయసు రాదు, అంతకు ముందు నవలలో తిన్న దెబ్బ ఈ నవలకి మానిపోయి ఉంటుంది. వరస నవలల్లో రెండు జాతులున్నాయన్నమాట. ఒకదాంట్లో మనిషి మారడు, ఊళ్ళు మారతాయి. రెండోదాంట్లో కాలం పారుతూ ఉంటుంది, మనుషులు వచ్చి పోతూ ఉంటారు. ఈ రెండో జాతిది మనకి తక్కువ. సైన్స్ ఫిక్షన్‌లో అయితే మరీ తక్కువ. యండమూరి 'చీకట్లో సూర్యుడు' ఒక్క నవలగా వచ్చి ఆగిపోయింది. డాక్టర్ చిత్తర్వు మధు మాత్రం 'కుజుడి కోసం' అంటూ బయల్దేరి, అక్కడితో ఆగకుండా 'భూమి నుంచి ప్లూటో దాకా' వెళ్ళారు. అంతకుమించి వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా వేళ్ళు మిగిలిపోతాయి.

అసిమోవ్ సంగతికొస్తే, 1941 ఆగస్టు 1న న్యూయార్క్‌లో సబ్‌వే రైల్లో సంపాదకుడు క్యాంబెల్ దగ్గరికి వెళ్తున్నాడట. వయసు 21. చేతిలో కథ లేదు. ఒక సంగీత నాటకాల పుస్తకం ఊరికే తెరిస్తే అందులో ఒక బొమ్మలో కాపలా సిపాయి కనిపించాడు. సిపాయి నుంచి సైన్యాలకీ, సైన్యాల నుంచి సామ్రాజ్యాలకీ, అక్కణ్ణించి రోము పతనానికీ ఆలోచన పాకింది. దిగేసరికి నక్షత్రాల మధ్య కూలిపోతున్న ఒక మహాసామ్రాజ్యం తయారైంది. ఈ ముక్క ఆయనే చెప్పుకున్నాడు. కథ తెలిసినవాళ్ళు నన్ను క్షమించాలి, తెలియనివాళ్ళకి నాలుగు వాక్యాల్లో జరిగిన కథ: హారి సెల్డన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు కోట్ల కోట్ల జనం ఎటు కదులుతారో లెక్కగట్టే శాస్త్రం కనిపెడతాడు. సామ్రాజ్యం కూలడం ఖాయమనీ, తర్వాత 30,000 ఏళ్ళు అంధకారమనీ తేలుస్తాడు. దాన్ని 1,000 ఏళ్ళకి కుదించే పథకం వేసి, గెలాక్సీ అంచున ఒక చిన్న కాలనీ పెడతాడు. అక్కడివాళ్ళకి గండం వచ్చినప్పుడల్లా, ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన ఆయన బొమ్మ వచ్చి, ఇదిగో మీ గండం ఇదీ, ఇలా గట్టెక్కారు అని చెప్తుంది. 1942లో పత్రికలో మొదలైన ఈ కథలు 1951, 52, 53ల్లో మూడు పుస్తకాలుగా వచ్చాయి. నాకు దొరికింది నడిమిది.

ఇందులో నన్ను పట్టుకున్నది రాకెట్లు కావు. అధ్యాయాల నెత్తిన ఉండే చిన్న ముక్కలు. 'ఎన్‌సైక్లోపీడియా గెలాక్టికా' అనే విజ్ఞాన సర్వస్వం నుంచి తీసినట్టుగా ఉంటాయవి. 116వ ముద్రణ, ఫౌండేషన్ శకం 1020లో అచ్చయిందని మొదటి పుస్తకంలోనే వివరం ఇస్తాడు. అంటే ఏమిటి? వెయ్యేళ్ళ పథకం పూర్తయిన తర్వాత కూడా లోకం క్షేమంగా ఉందన్నమాట. అచ్చాఫీసు నడుస్తోంది, 116 సార్లు ముద్రించడానికి కాగితమో మరోటో దొరుకుతోంది, కొని చదివే జనం ఉన్నారు. ఇంకా జరగని కాలాన్ని ఎప్పుడో జరిగిపోయినట్టు, దుమ్ము దులిపి చదువుతున్నట్టు చెప్పడం. ఆ ఏర్పాటు చూసి నాకు ఆశ్చర్యం వేయలేదు, ఎక్కడో విన్న గొంతులా అనిపించింది. ఎక్కడ విన్నానా అని చాలా రోజులు తన్నుకున్నాను. జవాబు సింగ్‌నగర్‌లో, మా బాబాయి బీరువాలో ఉంది.

బాబాయి తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. విశ్వనాథ సత్యనారాయణ గారి మాటెత్తితే చేతిలో కాఫీ చల్లారిపోయినా పట్టించుకోడు. మొన్నటిదాకా మనదీ విశ్వనాథ వారు పుట్టిన జిల్లాయే, నందమూరు ఎంత దూరం, ఆయన ఇల్లున్న మారుతీనగర్ ఎంత దూరం అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ దారి చెప్తాడు. ఎవరికైనా 'వేయిపడగలు' తెలుసు. జ్ఞానపీఠం తెచ్చిన 'రామాయణ కల్పవృక్షం' పేరైనా తెలుసు. బాబాయి గర్వమంతా మరో చోట ఉంది. విశ్వనాథ వారు వరస నవలలు రాశారు. 'పురాణ వైర గ్రంథమాల' అని పన్నెండు, 'నేపాళ రాజవంశ చరిత్ర' ఆరు, 'కాశ్మీర రాజవంశ చరిత్ర' ఆరు. ఆ పన్నెండింటి పేర్లూ బాబాయి సంధ్యావందనంలా అప్పగిస్తాడు. 'భగవంతుని మీది పగ'తో మొదలై 'నివేదిత'తో ముగుస్తుంది. నాలుగోది వచ్చేసరికి గొంతు ఒక మెట్టు పైకెత్తుతాడు: 'నందో రాజా భవిష్యతి'. నందుడు రాజు కాబోతున్నాడు. ఎప్పుడో రాజై, ఎప్పుడో మట్టిలో కలిసినవాడి గురించి, కాబోతున్నాడు అంటారేమిటి బాబాయ్ అని అడిగాను. "పురాణం అలాగే చెప్తుందిరా. పరీక్షిత్తు కాలంలో కూర్చుని చెప్పేవాడికి నందుడు రేపటివాడేగా" అన్నాడు.

అదీ ఆ గొంతు. విష్ణు పురాణం, మత్స్యం, వాయువు, భాగవతంలో చివరి స్కంధం, అన్నింటిలోనూ కలియుగ రాజుల జాబితా ఉంది. ప్రద్యోతులు వస్తారు, శిశునాగులు వస్తారు, నందులు, మౌర్యులు, శుంగులు, కాణ్వులు వస్తారు, ఆ తర్వాత ఆంధ్రులు వస్తారు. ధాన్యకటకం ఏలినవాళ్ళు, మన అమరావతి స్తూపానికి దానాలిచ్చిన కాలంవాళ్ళు, ఆ జాబితాలో ఇంకా పుట్టనివాళ్ళు. ఎఫ్.ఇ. పార్జిటర్ అనే ఆయన 1913లో ఈ పాఠాలన్నీ ఒకచోట చేర్చి సరిచూశాడు. గుప్తుల కాలం నాటికి ఈ జాబితాలు ఇప్పుడున్న రూపానికి వచ్చాయనీ, జరిగిపోయినదాన్నే జరగబోయేదిగా చెప్పడం ఒక ఏర్పాటనీ పండితులు అంటారు. మన పౌరాణికుడు గతాన్ని భవిష్యత్తుగా చెప్పాడు. బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడుపుకునే ఇంట్లో పెరిగిన కుర్రాడు భవిష్యత్తుని గతంగా చెప్పాడు. ఒకే చొక్కాని ఒకడు తిరగేసి తొడుక్కున్నట్టు. ఇద్దరికీ కావలసింది ఒకటేనా? చరిత్ర అనేది దారి తప్పిన పశువుల మంద కాదనీ, ఎవరికో ఎక్కడో దాని లెక్క తెలుసనీ వినేవాడికి ఒక భరోసా ఇవ్వడమేనా?

ఇక్కడ నాకూ బాబాయికీ పేచీ. విశ్వనాథ వారి మూడు మాలల వెనకా బెజవాడలోనే ఉన్న కోట వెంకటాచలం గారి కాలగణన ఉంది. మగధ, నేపాళ, కాశ్మీర రాజవంశాలకి ఆయన పురాణాలను పట్టుకుని తేదీలు కట్టాడు. భారత యుద్ధం క్రీ.పూ. 3138, కలియుగారంభం 3102. గ్రీకులు చెప్పిన సాండ్రకోటస్ మౌర్య చంద్రగుప్తుడేనని 1793లో విలియం జోన్స్ తేల్చిన మాట తప్పనీ, అతను గుప్త వంశపు చంద్రగుప్తుడనీ, మౌర్యుడు క్రీ.పూ. 1534 నాటివాడనీ ఆయన వాదం. పురాణాల మీద పగబట్టినవాళ్ళు కాలాన్ని తారుమారు చేశారన్నదే ఆ పన్నెండు నవలల్నీ గుచ్చిన దారం. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడానికి గట్టి కారణమే ఉంది. అశోకుడు తన 13వ శిలాశాసనంలో అంతియోకస్, టోలెమీ మొదలైన ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు చెక్కించాడు. వాళ్ళు క్రీ.పూ. మూడో శతాబ్దం వాళ్ళు. తాత 1534లో ఉంటే మనవడు వాళ్ళకి కబురు పంపలేడు. ఈ మాట బాబాయితో అన్నాను. ఆయన కొంచెంసేపు సీలింగ్ ఫ్యాను వైపు చూసి, "నువ్వు నవల చదువుతున్నావా, తహశీల్దారు రికార్డు చదువుతున్నావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఉందేమో, ఆ పూట తోచలేదు. తేదీలు నమ్మకుండా ఆ నవలలు చదవొచ్చా? చదవొచ్చనే అనిపిస్తుంది. లెక్కలతో జనం కదలికని ముందే చెప్పేయొచ్చని అసిమోవ్ అంటే నమ్మామా? నమ్మకుండానే చదివాం. రసాయన శాస్త్రం చదివిన ఆయనకీ ఆ మాట తెలుసు. వాయువులో ఒక్కో అణువు ఎటు పోతుందో చెప్పలేం, మొత్తం వాయువు ఎలా నడుస్తుందో చెప్పగలం, జనమూ అంతే అన్న ఒక్క ఊహని పట్టుకుని ఆయన అంత మేడ కట్టాడు. విశ్వనాథ వారూ ఒక ఊహనే పట్టుకున్నారు. తేడా అల్లా, ఆయన దాన్ని ఊహ అనుకోలేదు. అది చిన్న తేడానా? కాదు. కానీ నవలలోకి దిగాక పేజీ తిప్పే వేలికి ఆ తేడా అంతగా తెలియదు.

మొదటి పుస్తకం కంటే ఈ రెండోది ఎందుకు బాగుందో ఇప్పుడు చెప్పాలి. మొదటి పుస్తకంలో సెల్డన్ చెప్పినట్టే అన్నీ జరుగుతాయి. ఎప్పుడూ ఆయనే నెగ్గుతాడు. రెండోదాంట్లో మొదటి సగం కూడా అంతే. బెల్ రియోజ్ అనే మహా సేనాని దండెత్తి వస్తాడు, గొప్పగా పోరాడతాడు, అయినా ఓడిపోతాడు. ఎవరూ ఏమీ చేయకుండానే, అతని చక్రవర్తి అనుమానమే అతన్ని మింగేస్తుంది. ఇలా ఎంతకాలం? 1945లో క్యాంబెల్ పట్టుబట్టాడట, ఈ పథకాన్ని ఒకసారి బద్దలుకొట్టు అని. అసిమోవ్‌కి ఇష్టం లేదు. తను కట్టిన లెక్కని తనే చెరపడం ఎవరికి ఇష్టం? అయినా రాశాడు. మ్యూల్ అనేవాడు వచ్చాడు. జనం మనసుల్ని ఇట్టే తిప్పేయగల ఒక్క మనిషి. జనాన్ని లెక్కగట్టినవాడి లెక్కలో ఒక్క మనిషికి గడి లేదు.

ఆ కథలో ఒక ఘట్టం ఉంది. గండం ముంచుకొచ్చింది. సెల్డన్ బొమ్మ కనిపించే రోజు వచ్చింది. నగర పెద్దలందరూ ఆ హాల్లో కూర్చున్నారు. ఎవరికీ పెద్ద భయం లేదు, తాతగారు వస్తారు, ఉపాయం చెప్తారు. వచ్చాడు. చక్రాల కుర్చీలో కూర్చుని ప్రశాంతంగా మాట్లాడాడు. మాట్లాడుతున్నకొద్దీ హాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. ఆయన మాట్లాడుతోంది వేరే గండం గురించి. వాళ్ళలో వాళ్ళకి, వర్తకులకీ ప్రభుత్వానికీ వచ్చే తగువు గురించి. ఆ తగువు రాలేదు, మ్యూల్ భయానికి వాళ్ళు ఎప్పుడో ఒకటయ్యారు. ఆయన మాత్రం రాని తగువు ఎలా తీరిందో ఓపిగ్గా వివరిస్తూ పోతాడు. రికార్డు కదా, ఆపమంటే ఆగదు. ఈలోగా అణుశక్తితో నడిచేవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మ్యూల్ ఊరి మీదికి వచ్చేశాడు.

కాలేజీ రోజుల్లో ఇది చదివి బాగుందనుకుని ఊరుకున్నాను. అది మా ఊరి కథ కూడా అని 2024 సెప్టెంబరు 1న, ఆదివారంనాడు తెలిసింది. ముందు రెండు రోజులుగా కుండపోత. ఊరందరి కళ్ళూ కృష్ణ మీదే. బెజవాడ మనిషికి వరదంటే కృష్ణే. ఎగువన శ్రీశైలం, సాగర్, పులిచింతల నుంచి ఎంత వదిలారో, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు పోతోందో అందరి నోటా అంకెలు. చివరికి 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. చూసొద్దామని జనం బయల్దేరారు. మేమూ ఇంట్లో టీవీ ముందు కూర్చుని డెబ్భై గేట్ల మీంచి దూకే నీళ్ళనే చూస్తున్నాం. పిన్ని ఫోను చేసింది. "ఇక్కడ కాలవలోంచి నీళ్ళు వెనక్కి తంతున్నాయిరా" అంది. సింగ్‌నగర్ ఎక్కడ, కృష్ణ ఎక్కడ? బ్యారేజీ ఇంకా తట్టుకుంటోందిగా పిన్నీ అన్నాను, ఏదో ధైర్యం చెప్పాలిగా. వచ్చింది కృష్ణ కాదు. బుడమేరు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. మామూలు రోజుల్లో దాన్ని దాటుతూ ముక్కు మూసుకుంటాం తప్ప తలెత్తి చూడం. దాని వరద ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, మళ్ళింపు కాలువ తవ్వి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. పథకం మంచిదే. ఒక్కటే చిక్కు, కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీరు కృష్ణలోకి దిగదు, వెనక్కి తంతుంది. ఆ రోజు అదే జరిగింది. మళ్ళింపు కాలువ కట్ట మూడు చోట్ల తెగింది. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 2005లోనూ బుడమేరు ఊరిని ముంచింది, అయినా మేమందరం హాల్లో కూర్చుని పెద్ద గండం గురించే వింటున్నాం. అంకెలన్నీ నిజమే, టీవీలో చెప్పిందంతా నిజమే. అది వేరే నది గురించి, అంతే.

నీళ్ళు తీశాక వెళ్ళాం. గోడల మీద ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత. ఫ్రిజ్ వెల్లకిలా పడుకుని ఉంది. బాబాయి బీరువా తలుపు తీస్తే తెరుచుకుంది గానీ, కింది అరల్లోంచి ఒక్క పుస్తకమూ రాలేదు. తడిసిన పుస్తకం ఉబ్బుతుందని తెలుసు, ఇంతలా ఉబ్బుతుందని తెలియదు. అన్నీ కలిసి ఒకే దుంగలా బిగుసుకుపోయాయి. స్క్రూడ్రైవరు పెట్టి, గరిటె కాడ పెట్టి, ఆఖరికి బీరువా రేకు వంచి తీశాం. బురద వాసన, దాని కింద పాత జిగురు వాసన. కొన్ని చేతిలోనే అట్టుల్లా ముద్దయిపోయాయి. 'నందో రాజా భవిష్యతి' పై అరలో ఉండి అంచులు మాత్రం తడిసి బతికింది. బాబాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పేజీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు ముక్క పెడుతూ ఫ్యాను కింద ఒక పూటంతా కూర్చున్నాడు. పిన్ని బియ్యం డబ్బా కడుగుతూ, "మంచాలు పోయినా అంత బాధపడలేదు మనిషి" అంది. పై అరలో పెట్టింది తనే. దసరాకి ఇల్లు దులుపుతూ, కింద చోటు చాలక, చేతికొచ్చిన నాలుగు పుస్తకాలు పైకి ఎక్కించిందట.

అయితే ముందుచూపంతా దండగేనా? ఆ మాట అనడానికి కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి నోరు రాదు. ఈ నేలే ఒక పథకం. డొక్కల కరువులో గుంటూరు సీమ ఎండి చచ్చాక, కాటన్ ఆలోచనకి కెప్టెన్ ఓర్ చెయ్యి వేసి 1852 నుంచి 1855 దాకా బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మా ఊరి నడిబొడ్డులోంచి ఈ రోజుకీ పారుతున్నాయి. దివిసీమలో నాట్లు పడుతున్నాయంటే ఆ లెక్కే. కానీ అది వేసినంత మాత్రాన నిలిచిన లెక్క కాదు. 1952లో ఆనకట్ట తెగింది. 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆనకట్టకీ బ్యారేజీకీ మధ్య వందేళ్ళపాటు ఎవరి పేర్లూ మనకి తెలియని లాకు సూపరింటెండెంట్లూ, లస్కర్లూ రాత్రుళ్ళు గట్ల మీద లాంతర్లతో తిరిగారు. గండి పడే చోట ఇసక బస్తా వేశారు, తలుపు ఎత్తారు, దించారు. అసిమోవ్ మూడో పుస్తకంలో బయటపడే రెండో ఫౌండేషన్ చేసేదీ ఇదే పని: తాతగారి లెక్క తప్పినప్పుడల్లా చాటుగా సరిచేయడం. అది చదివినప్పుడు నాకు అవనిగడ్డ వైపు లస్కర్లే గుర్తొచ్చారు. పథకం వేసినవాడికి విగ్రహం ఉంటుంది, పథకం ఫలించిన రోజు పండగ ఉంటుంది. రెండింటికీ మధ్య బతికేవాడికి ఉండేది ఆ రాత్రి నీటిమట్టం ఒక్కటే.

మ్యూల్‌ని ఓడించింది కూడా అలాంటి మనిషే. బేటా అనే అమ్మాయి. ఆమెకి సెల్డన్ లెక్కలు రావు, పదవి లేదు. విదూషకుడి వేషంలో తమతో తిరుగుతున్నవాడే మ్యూల్ అని ఆమె ఒక్కతే పోల్చుకుంటుంది, ఆఖరి క్షణంలో రెండో ఫౌండేషన్ ఎక్కడుందన్న రహస్యం బయటపడకుండా ఆపుతుంది. ఎలా పోల్చుకోగలిగింది? మ్యూల్ అందరి మనసుల్నీ తిప్పాడు, ఆమె మనసుని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకంటే అతన్ని ఆమె తనంతట తానే ఆదరించింది. అతని జీవితంలో ఎవరూ బలవంతం లేకుండా ఆదరించలేదు. ఆ ఒక్క ఆదరణని పాడుచేసుకోలేక వదిలేశాడు, అక్కడే దెబ్బతిన్నాడు. వెయ్యేళ్ళ పథకమూ, దాన్ని కూలగొట్టిన మహాశక్తీ రెండూ లెక్కలోకి తీసుకోనిది ఒక ఆడమనిషి మామూలు మంచితనం. ఇది మొదటి పుస్తకంలో జరగదు. అక్కడ పథకం కొత్తది, మెరుస్తూ ఉంటుంది. చివరి పుస్తకంలోనూ జరగదు, అక్కడ ముడులు విప్పే తొందర. నడిమి పుస్తకంలోనే, ఎవరు చెప్పిన జోస్యమూ పనిచేయని చోటే, మనిషి తన బుర్రతో ఆలోచించాలి. అందుకే ఈ మధ్య ఎవరైనా కుర్రాళ్ళు ఫౌండేషన్ ఎక్కణ్ణించి చదవాలండీ అంటే రెండోదానితో మొదలుపెట్టమంటున్నాను. పుట్టినప్పుడు మనకెవరూ మొదటి భాగం చేతికివ్వలేదు కదా.

ఈ కథంతా మొన్న బాబాయికి చెప్పాను. ఆయన ఇంగ్లీషు నవలలు చదవడు, చెప్తే వింటాడు. మ్యూల్ దగ్గర "వాడు నందుడి బాపతే" అన్నాడు. మహాపద్మ నందుడూ ఎవరూ ఎదురుచూడని చోటు నుంచి వచ్చి పాత రాజవంశాలన్నింటినీ తుడిచేశాడని పురాణాల మాట. అంతా విన్నాక అడిగాడు:

"వెయ్యేళ్ళ పథకమన్నావు. చివరికి పూర్తయిందా?"

"లేదు బాబాయ్. 1953లో మూడో పుస్తకంతో ఆపేశాడు. జనం వదలకపోతే 1982లో మళ్ళీ మొదలుపెట్టాడు. 1986 పుస్తకం నాటికి కథలో ఐదొందల ఏళ్ళు గడిచాయి. అక్కణ్ణించి ముందుకి వెళ్ళకుండా వెనక్కి వెళ్ళి, సెల్డన్ కుర్రతనం నుంచి రాశాడు. 1992లో పోయాడు. ఆఖరి పుస్తకం ఆయన పోయాక వచ్చింది. తర్వాత ముగ్గురు రచయితలు కలిసి తలా ఒకటి రాశారు, వాళ్ళూ వెనక కాలానికే వెళ్ళారు."

"ముగ్గురా? కవిత్రయమే!" అని నవ్వాడు. "మరి మిగతా ఐదొందల ఏళ్ళు?"

"ఎవరూ రాయలేదు."

"ఆ విజ్ఞాన సర్వస్వం వెయ్యిన్నిరవయ్యో ఏట అచ్చయిందన్నావుగా?"

"అచ్చయిందని ముందే రాసేశాడు."

"అయితే ఆయనదీ భవిష్యతే" అన్నాడు బాబాయి, ఆ పుస్తకం తెలుగులో ఎవరైనా వేశారేమో కనుక్కోమని కూడా చెప్పాడు.